క్రేన్ క్యాబిన్‌లో అస్తిత్వవాదం

ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నేను సుమారు నాలుగు వేల చేతులు నరికాను. పగలగొట్టిన తలలకు లెక్కలేదు. కన్ను పోయినవాళ్లు, బెల్టులో చొక్కాతో సహా వెళ్లిపోయినవాళ్లు, కరిగిన ఇనుములో పునుగుల్లా వేగినవాళ్లు, వీళ్లందర్నీ వరసలో నిలబెడితే భిలాయి సెక్టర్ 6 లో మొదలైన వరస రాయపూర్ దాటి ఒడిశాలో తేలుతుంది. అన్నీ బొమ్మల్లోనే. జాముల్ వైపు ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో నేను సేఫ్టీ ఆర్టిస్టుని. ‘హెల్మెట్ పెట్టుకో, లేకపోతే ఇలా అవుతావు’ అని గోడల మీద గీయడం నా పని. మిల్లు పేరు రాయను. రాస్తే పెన్షన్ ఆపేస్తారని కాదు, మా మిల్లులో పెన్షనే లేదు.

యాభై నాలుగేళ్లకే మోకాళ్లు మొరాయించి రిటైరయ్యాను. ఈమధ్య కంప్యూటర్ మీద బొమ్మలు వేసే పిల్లలు కొందరు ఈ పనిలోకి వస్తూ, “అంకుల్, కుఛ్ టిప్స్ దీజియే నా” అని అడుగుతున్నారు. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో చెప్పి వాళ్లను నిద్రపుచ్చను. పనికొచ్చేవి నా తప్పులే. అందులో పెద్దది ఒకటి చెబుతాను.

టిక్కూ, ఇంటూ

ముందు ఈ వృత్తిలో వ్యాకరణం. ప్రతి సేఫ్టీ బొమ్మకీ కుడివైపు పైమూల ఒక గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ టిక్కు ఉంటే ‘ఇలా చెయ్యి’. ఎర్ర ఇంటూ ఉంటే ‘ఇలా చెయ్యకు’. మూడో గుర్తు లేదు. బయట లోకంలో బొమ్మని చూసి బాగుంది, బాగులేదు, ఏడుపొచ్చింది అంటారు. కర్మాగారంలో మాత్రం బొమ్మ అంటే ఆజ్ఞ. చెయ్యమనో, చెయ్యొద్దనో.

ఈ సంగతి నాకు మొదటి ఏడాదే తెలియాల్సింది. క్రేన్ బరువు మోసుకెళ్లే దారిలో, ‘ఇక్కడ ఆగవద్దు’ అని ఒక బొమ్మ వేశాను. పుర్రె, మంటలు, పైనుంచి పడుతున్న ఇనుప దూలం, కింద నోరు తెరిచిన మనిషి. ఆ నోట్లో పన్నెండు రకాల ఎరుపులు వాడాను. అంత అందంగా వచ్చింది. మర్నాటి నుంచి షిఫ్టు మొత్తం సరిగ్గా ఆ దూలాల దారిలోనే ఆగి, మెడలెత్తి, నోళ్లు తెరిచి నా బొమ్మ చూడ్డం మొదలెట్టారు. పక్క మిల్లు వాళ్లు కూడా టీ టైములో వచ్చారు. మూడు రోజుల్లో బొమ్మ పీకేశారు. పాఠం: మన బొమ్మ బాగుండటం కన్నా ఎక్కడుందన్నది ముఖ్యం.

ఇక నా బొమ్మల్లో ఆడది. ఆవిడ ఒక్కతే. పాతికేళ్లు అదే మనిషిని గీశాను. ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంటుంది. చేతిలో క్యారేజీ, చంకలో పిల్ల, మెడలో పలుపుతాడంత మంగళసూత్రం. కింద అక్షరాలు: ‘మీ కోసం ఇంట్లో ఒకరు ఎదురు చూస్తున్నారు.’ మూలన టిక్కు. ఆ పాతికేళ్లలో చంకలో పిల్ల దిగలేదు, క్యారేజీ అన్నం చల్లారలేదు, ఆవిడ కాలు మార్చుకోలేదు.

మా ఆవిడ విజయనగరం మనిషి. ఒకసారి సేఫ్టీ వారోత్సవాలకి వచ్చి ఆ బొమ్మ చూసి, “ఏటండీ, ఈవిడికి వేరే పన్లేదేటి? ఆ క్యారేజీ అలగ కింద పెట్టీసి కూసోమనండి, సేతులు లాగీవూ?” అంది. నేను కళాకారుణ్ణి కదా, వినలేదు.

డ్రాయింగ్ లేని బోల్టు

కొన్నేళ్ల కిందట మా మిల్లులో రెండో లైను పెట్టారు. యంత్రాలు చైనా నుంచి వచ్చాయి. వాటితో ఎనిమిది మంది ఇంజనీర్లు, వాళ్ల మాట మనకి చెప్పడానికి లిన్ అనే ఒక అమ్మాయి. లిన్ బీజింగ్‌లో హిందీ నేర్చుకుంది. ఆ హిందీ ఎంత శుద్ధమైనదంటే, మొదటిరోజు ఆవిడ కాస్త ఆగమనడానికి “కృపయా తనిక్ ప్రతీక్షా కీజియే” అంటే మా ఫోర్‌మన్ చెప్పులు విడిచి నిలబడ్డాడు, ఎక్కడో పూజ జరుగుతోందనుకుని.

ఆ చైనా యంత్రాల మాన్యువల్స్‌లోని హెచ్చరిక బొమ్మల్ని మనవాళ్లకి అర్థమయ్యేలా తిరిగి గీయడం నాకిచ్చిన పని. అలా ఆవిడ బల్లా నా బల్లా ఎదురెదురు పడ్డాయి. ఒకరోజు ఆవిడ మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటూ ఒక కార్టూన్ల పత్రిక తిరగేస్తోంది. ఇస్తే చూశాను. ఈ తరం చైనా ఆడవాళ్లు గీసిన కార్టూన్లట. ఒక పేజీలో ఒక అమ్మాయి స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. తర్వాతి పేజీలో అదే అమ్మాయి, అదే గోడ. మూడో పేజీలో నీడ లేచి వెళ్లిపోయింది, అమ్మాయి అలాగే ఉంది. ఇంకో బొమ్మలో ఒకావిడ రైస్ కుక్కర్ మూత తీసి లోపలికి చూస్తోంది, లోపల ఆకాశం. నవ్వు రాలేదు. కానీ పేజీ తిప్పలేకపోయాను.

“జోక్ ఎక్కడుంది?” అని అడిగాను.

లిన్ చెప్పింది. ఆవిడ హిందీని నా తెలుగులో రాస్తున్నాను. “మా అమ్మమ్మ కాలంలో పోస్టర్లలో ఆడది ట్రాక్టర్ నడిపేది. ఎర్రటి బుగ్గలు, ఇనుప చేతులు. ఎన్నడూ అలిసేది కాదు. మా అమ్మ కాలంలో క్యాలెండర్లలో ఆడదానికి వయసు వచ్చేది కాదు. ఈ బొమ్మల్లో ఆడది ఎవరి కోసమూ ఏమీ చెయ్యదు. కూర్చుంటుంది. తను ఉంది, అంతే. ఎందుకు ఉన్నానో తానే తేల్చుకోవాలి.”

“దీన్నేమంటారు?”

“అస్తిత్వవాద్.”

నా మొహం చూసి ఆవిడకి జాలేసింది. బల్ల మీదున్న బోల్టు తీసి పట్టుకుంది. “దీని డ్రాయింగ్ ముందు గీశారు, బోల్టు తర్వాత చేశారు. కాబట్టి తనెందుకుందో బోల్టుకి అనుమానం లేదు. మనిషికి డ్రాయింగ్ లేదు. ముందు వచ్చి పడతాం. డ్రాయింగ్ తర్వాత మనమే గీసుకోవాలి. ఎవరో గీసి చేతికిచ్చిన డ్రాయింగ్‌లో ఇరుక్కుంటే అది బోల్టు బతుకు.”

నేను బోల్టు తీసుకుని ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి మా ఆవిడకి అరగంట అస్తిత్వవాదం బోధించాను. ఆవిడ విని, “అయితే రేపొద్దున్న పాల పేకెట్టు ఎవురు తెస్తారో కూడా ముందు రాసి లేదన్నమాట. మీరే ఎల్లండి” అని దుప్పటి కప్పేసుకుంది. అంత త్వరగా ఒక సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆరు నెలల తర్వాత చైనావాళ్లు వెళ్లిపోయారు. పత్రికలు మాత్రం లిన్ నాకిచ్చి వెళ్లింది. అప్పటికి నేను సేఫ్టీ ఆర్టిస్టుగా మిగలలేదు. హెల్మెట్ పెట్టుకున్న తత్త్వవేత్తనయ్యాను.

పన్నెండున్నర మొహం

మూడో నంబరు క్రేన్ నడిపేది నూకరత్నం. క్యాంప్ 2 లో ఉంటుంది, తండ్రి శ్రీకాకుళం నుంచి కూలికొచ్చినవాడు. మొదట మిల్లులో ఇనుప పొట్టు ఊడ్చే చీపురు పని చేసేది. ఒక ముసలి ఆపరేటర్‌ని బతిమాలి, మూడేళ్లు తీరిక వేళల్లో క్రేన్ నేర్చుకుని, పరీక్ష పాసై పైకెక్కింది. మా మిల్లు చరిత్రలో క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న ఆడది ఆమె ఒక్కతే. నిప్పులాంటి దూలాన్ని ఎత్తి తీసుకెళ్లి, నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టేది.

ఆ ఏడు సేఫ్టీ వారోత్సవాలకి మా బాసు సోమయాజులు గారు నన్ను పిలిచారు. సేఫ్టీ హెడ్డు. మంచివాడు. గోదావరి పక్క మనిషి, ఇస్త్రీ మడత నలగకుండా ప్లాంటు మొత్తం తిరగగలడు.

“మన లేడీ ఆపరేటర్ మీద ఒక పోస్టర్ వెయ్యవయ్యా. నవ్వుతూ ఉండాలి. బొటనవేలు ఇలా పైకి. విజిటర్లు ఫొటో తీసుకుంటారు.”

నేను నవ్వే బొమ్మ వెయ్యలేదు. ఎందుకంటే పన్నెండున్నరకి టీ తాగుతూ కింద నుంచి రోజూ నూకరత్నాన్ని చూస్తున్నాను. పొద్దున్న ఆరింటికి ఎక్కిన మనిషి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, కొక్కెం ఖాళీగా వేలాడుతున్నప్పుడు, అద్దం వెనకాల ఒక చూపు చూసేది. పెదవులు బిగించి, కదలకుండా, ఎటో దూరంగా. అచ్చం స్టూలు మీద చైనా అమ్మాయి చూపు! ‘నేనెందుకున్నాను? ఈ కొక్కెం ఎందుకుంది?’ అని ఆమె అడుగుతోందని నాకు అక్షరం అక్షరం వినిపించేది.

ఒకసారి పైనుంచి కేక వేసింది కూడా: “ఏటి బాబూ, అలగ మోరెత్తుకుని సూస్తన్నారు? మెడ పట్టీసిందేటి?”

“కళ అమ్మా, కళ!” అన్నాను.

మంచమంత రేకు మీద బొమ్మ వేశాను. క్యాబిన్, అద్దం, నూకరత్నం, ఆ చూపు. కింద అనంతమైన శూన్యంలో ఖాళీ కొక్కెం. అక్షరాల్లేవు. మూలన గుర్తు లేదు. అస్తిత్వానికి టిక్కు పెట్టడానికి నేనెవణ్ణి? రేకు గోడకి కట్టించి, మేనత్త మనవరాలి పెళ్లికి రెండు రోజులు సెలవు మీద వెళ్లాను.

నేను లేనప్పుడు సోమయాజులు గారు బొమ్మ ముందు నిలబడ్డారు. టిక్కా? మనిషి నవ్వట్లేదు, ఎటో చూస్తోంది, చేతులు ఒళ్లో ఉన్నాయి. కాబట్టి టిక్కు కాదు. టిక్కు కాకపోతే ఏమిటి? ఆర్టిస్టు మర్చిపోయాడనుకుని, చక్కగా బ్రష్షు తెప్పించి, పెద్ద ఎర్ర ఇంటూ పెట్టించారు.

మర్నాడు మా ఇనుము కొనే కంపెనీ నుంచి ఆడిటర్ వచ్చాడు. బొమ్మ చూశాడు. టైము పన్నెండున్నర. పైకి చూశాడు. మళ్లీ బొమ్మ చూశాడు. ‘పోస్టర్‌లో నిషేధించిన ప్రవర్తన మూడో నంబరు క్రేన్ మీద ప్రస్తుతం కొనసాగుతోంది’ అని రిపోర్టులో రాసి వెళ్లిపోయాడు.

నేను సెలవు నుంచి వచ్చేసరికి నూకరత్నం నా బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో మెమో.

“బాబూ, ఇది సదవండి. ఇంగిలీషులో తిట్టినారు.”

చదివాను. డ్యూటీలో ధ్యాస లేకుండుట. వారంలో విచారణ. తప్పు లేదని తేలకపోతే క్రేన్ నుంచి దింపి మళ్లీ యార్డులో చీపురు పనికి.

“బొమ్మ గీసింది మీరు. సంజాయిషీ నన్నడగతన్నారు” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. “సీపురు నాకు కొత్త కాదు బాబూ. పట్టుకోమంటే పట్టుకుంటాను. గానీ మా పిల్ల ఇస్కూల్లో అందరికీ ‘మేరీ మమ్మీ క్రేన్ చలాతీ హై’ అని సెప్పీసింది. ఇప్పుడు దానికేటి సెప్పను?”

తత్త్వశాస్త్రంలో దీనికి జవాబు వెతికాను. చైనా పత్రికలన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేశాను.

విచారణ

కాన్ఫరెన్స్ గదిలో ఏసీ, బిస్కెట్లు, టీ. అటు సోమయాజులు గారు, పక్కన హెచ్ఆర్ తివారీ గారు. ఆయనకి హిందీ తప్ప మరో భాష అక్కర్లేదు. ఆయన మాటలు కొన్ని నా తెలుగులోకి మార్చి రాస్తున్నాను. ఇటు నేను, సాక్షిని. నా పక్కన నూకరత్నం కుర్చీ అంచు మీద. తను తెలుగులో చెప్పినదాన్ని తివారీ గారికి హిందీలో చెప్పే పని సోమయాజులు గారిది.

నేను రెండు రోజులు కూర్చుని వాదన తయారు చేశాను. సముద్రాలు దాటి వచ్చే లాయర్లు కూడా అలా వాదించరు. బోల్టు తీసి బల్ల మీద పెట్టాను. చైనా పత్రికలు పరిచాను. అమ్మమ్మ ట్రాక్టరు, అమ్మ క్యాలెండరు, మనవరాలి స్టూలు, అంతా చెప్పాను. “అది అజాగ్రత్త కాదు సార్, అస్తిత్వ వేదన” అని ముగించాను.

తివారీ గారు బిస్కెట్ టీలో ముంచి పట్టుకుని ఆలోచించారు. బిస్కెట్ విరిగి కప్పులో పడింది. “యే అస్తిత్వవాద్... కిస్ యూనియన్ కా హై?” అన్నారు.

“యూనియన్ కాదు సార్, ఆలోచన.”

“ఆలోచనేనా? అదే కదా ఛార్జి!” అన్నారు సోమయాజులు గారు బాధగా. “డ్యూటీలో ఆలోచిస్తోందని నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా!”

కుర్రాళ్లూ, ఇక్కడ ఆగి గుర్తుపెట్టుకోండి. నేను ఆమెని కాపాడ్డానికి వెళ్లి, ఆమెకి వ్యతిరేకంగా ఉన్న ఏకైక సాక్ష్యం నేనే అయ్యాను. ఒక్కొక్కసారి మన గొప్ప బొమ్మ కన్నా మన గొప్ప వివరణ ఎక్కువ ప్రమాదకరం.

సోమయాజులు గారు నూకరత్నం వైపు తిరిగారు. “చెప్పమ్మా. ఆ టైములో ఏం ఆలోచిస్తున్నావు?”

నూకరత్నం నా వైపు ఒకసారి చూసింది. పత్రికల వైపు చూసింది. బోల్టు వైపు చూసింది.

“నానేటీ ఆలోసించట్నేదు సార్,” అంది. “ఒంటేలు ఆపుకుంటన్నాను.”

సోమయాజులు గారు హిందీ చెయ్యలేదు. తివారీ గారు, “క్యా బోలీ? క్యా బోలీ?” అని రెండుసార్లు అడిగారు. మూడోసారి ఆమే చేతి చిటికెన వేలు చూపించింది.

ఆపైన ఆమె చెప్పింది విని నా చెవులు కాలాయి. మిల్లులో ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒక్కటే, మెయిన్ గేటు దగ్గర ఆఫీసులో. దిగి, వెళ్లి, వచ్చి, ఎక్కడానికి ముప్పావుగంట. మార్చడానికి ఇంకో ఆపరేటర్ లేడు. క్రేన్ వదిలితే లైను ఆగుతుంది. “తెల్లారగట్ల నాలుగింటికి ఓ గుక్క నీల్లు. మరి రెండింటికే. కింద కొలిమి, పైన రేకు. పన్నెండున్నరకి బాగా కష్టమైపోతాది. బరువు కొక్కేనికి ఉంటే ఏటీ తెల్దు సార్, కల్లు దానిమీదే ఉంటాయి. కొక్కెం ఖాళీ అయినప్పుడే తెలస్తాది.”

నేను నెలల తరబడి కింద నిలబడి, టీ తాగుతూ, ఆ మొహాన్ని చూసి మురిసిపోయాను. టీ తాగుతూ!

“ఇన్నాళ్లు చెప్పలేదేమమ్మా?” అన్నారు సోమయాజులు గారు.

“ఎవురికి సెప్పమంటారు? పైన నానొక్కర్తినే. కిందంతా మగోల్లు.”

తివారీ గారికి అప్పటికి అర్థమైంది. ఆయన కఠినుడు కాదు. చాలా దయగా, “తో ఫిర్ దీదీ కో నీచే లే ఆతే హైఁ, కిందికి దింపేద్దాం. ఆడవాళ్లకి ఈ పని కష్టం. కింద సౌకర్యంగా ఉంటుంది” అన్నారు.

నిజం చెప్పి గెలవాల్సిన మనిషి, నిజం చెప్పి ఓడిపోతోంది. ఛార్జి పోయింది, క్రేన్ కూడా పోతోంది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. నా వృత్తి జీవితంలో నేను చేసిన అతి మంచి పనుల్లో అదొకటి.

నూకరత్నం కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. “మగోల్లకి రాదేటి సార్? ఒకటో నంబరు, రెండో నంబరోల్లు ఏటి సేస్తన్నారో అడగండి. సీసాల్లో పోసీసి రేకుల మీద పెడతన్నారు. ఎండకి ఉడుకుతన్నాయి. మీరెప్పుడైనా ఎక్కినారేటి పైకి?”

ఎవరూ ఎక్కలేదు. సేఫ్టీ హెడ్డూ ఎక్కలేదు, హెచ్ఆరూ ఎక్కలేదు. ఇరవై ఏళ్లపైగా క్యాబిన్లు గీసిన నేనూ ఎక్కలేదు.

“నాకు సీసా వొద్దు. కిందికీ వొద్దు. మెట్ల పైన ఆ ఇనప పలకుంది సూడండి, అక్కడ సిన్న దొడ్డి కట్టించి ఒక తలుపు పెట్టించండి. తలుపుకి లోపల గొళ్లెం. మద్దెన ఒక అరగంట మార్చడానికి మనిషిని ఇయ్యండి. అంతే.”

సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత పెన్ను తీశారు. తివారీ గారు మాత్రం మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని ఇరకాటంలో పడ్డారు. “కారణ్ మే క్యా లిఖూఁ? ఇలాంటిది ఎలా రాస్తాం?”

“నాను సెప్పిందే రాయండి” అంది నూకరత్నం.

రాశారు. మా మిల్లు మినిట్స్ పుస్తకంలో నేను చదివిన నిజాయితీ గల వాక్యం అదొక్కటే.

ఆ సాయంత్రం లిన్‌కి ఫోన్‌లో ఇదంతా రాసి, ‘మీ పత్రికల్లో ఆ స్టూలు మీది అమ్మాయి కూడా ఏదైనా ఆపుకుంటోందా?’ అని అడిగాను. మూడు రోజులకి జవాబొచ్చింది. ‘ఎన్నో. మీరు బొమ్మ తప్పు వెయ్యలేదు. కింద నుంచి వేశారు.’

నాకొచ్చిన అన్ని అభినందన పత్రాలూ పాత కాగితాలవాడికి వేశాను. లిన్ జవాబొక్కటీ ఉంచుకున్నాను.

యాభై ఆరు మెట్లు

తలుపు పెట్టడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. గొళ్లెం విషయంలో నూకరత్నం రెండుసార్లు వెల్డర్‌ని వెనక్కి పంపించింది. మధ్యాహ్నం అరగంటకి ఒక మనిషి వచ్చాడు. రెండో నంబరు ఆపరేటర్ కూడా గొణుక్కుంటూ వచ్చి ఆ తలుపే వాడుతున్నాడట.

అది మొదలైన వారానికి నేను క్రేన్ ఎక్కాను. మెట్లు యాభై ఆరు. నా మోకాళ్ల లెక్కలో అయిదు వేల ఆరు వందలు. ఇరవయ్యో మెట్టు దగ్గర పూర్వీకులు కనబడ్డారు, నలభయ్యో దగ్గర వాళ్లతో మాట్లాడాను. పైన వేడి మొహాన చెంపదెబ్బలా తగిలింది. క్యాబిన్ నా బొమ్మలో ఉన్నంత విశాలంగా లేదు. సీటు, రెండు పక్కలా హ్యాండిళ్లు, కాలి కింద గంట. నేను దిగంతం గీసిన చోట ఒక తుప్పు పట్టిన పంఖా ఉంది. శూన్యం ఎక్కడా లేదు. కిందంతా మనుషుల హెల్మెట్లు. ఒక్కటీ పైకి చూడట్లేదు.

టైము పన్నెండున్నర. కొక్కెం ఖాళీ. నూకరత్నం లీటరు సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది. తొందర లేకుండా, గుక్క గుక్కకీ ఆగి. తాగి, మూత పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, అద్దంలోంచి ఎటో దూరంగా చూసింది. పెదవులు బిగించి లేవు. ఇది వేరే చూపు. నాకు తెలియని చూపు.

బొమ్మల పుస్తకం చేతిలోకి తీసుకోబోయి ఆగాను. కింద నుంచి వేసిన పాపం గుర్తొచ్చి, ఈసారి ముందు అడిగాను.

“ఇప్పుడేం ఆలోచిస్తున్నావు నూకరత్నం?”

ఆమె నా వైపు తిరిగి నవ్వింది.

“సెప్పను” అంది. కాలితో గంట నొక్కి, హ్యాండిల్ పట్టుకుంది. “బరువొస్తంది. దిగండి బాబూ.”